నూకాలు దాచిన వెదురు కొమ్ము

ఇలా దగ్గరికి జరగండర్రా. ఈ కథ మీకింతవరకూ ఎవరూ చెప్పలేదు. కాళ్ళమీద దుప్పటి కప్పుకోండి, దోమలున్నాయి.

అనగనగా కొండ కింద ఒక ఊరు. అక్కడ వాగొడ్డున బుట్టలల్లే అప్పన్న ఇల్లు. ఇంటి వెనకాల ఒకే ఒక్క వెదురు పొద. అప్పన్న కూతురి పేరు నూకాలు.

అప్పన్న ఎప్పుడూ పొద అంచున ఉన్న లేత వెదుళ్ళే కొట్టేవాడు. అవి చేతికి అందుతాయి, చక్కగా వంగుతాయి. నడిమధ్య ముదురువి ముళ్ళల్లో చిక్కుకుని ఉంటాయి కదా, వాటి జోలికి పోయేవాడు కాదు. అలా కొట్టగా కొట్టగా పొద చిక్కిపోయింది.

"ఈ వానలకి కొత్త కొమ్ములు లేవకపోతే ఊరు మారిపోదాం" అన్నాడు అప్పన్న. కొమ్ము అంటే వెదురు పిల్ల. నూకాలు ఈ వాగుని, పక్కింటి చిట్టెమ్మని వదిలి ఎలా పోతుంది?

అప్పుడు వానలు పడ్డాయి. పొద అంచున నేల చీల్చుకుని ఒక కొమ్ము లేచింది. నూకాలు గంతులేసింది. తెల్లారేసరికి ముళ్ళపంది దాన్ని కొరుక్కు తినేసింది.

ఆ తర్వాత ఆ పక్కనే రెండోది లేచింది. ఆరోజే మేనమామ వచ్చాడు. వానాకాలం చుట్టమొస్తే కొమ్ముల కూర పెట్టాలి మరి. అమ్మ దాన్ని తరిగి వండేసింది. "ఇంకాస్త వెయ్యక్కా" అంటూ మామ లాగించాడు. నూకాలు ముద్ద ముట్టలేదు.

ఆ తర్వాత మూడోది తలెత్తింది. నూకాలు పిడికిలికి పట్టనంత లావు. ఇదీ పోతే ఇంకేముంది? పరుగున వెళ్ళి అయ్య అల్లిన కొత్త గంప తెచ్చి బోర్లించింది. పైన రాయి పెట్టింది.

అప్పుడు పది రోజులు ముసురు పట్టింది. ఎవరూ పెరట్లోకి పోలేదు. "గంపేదే?" అని అయ్య అడిగితే నూకాలు అమ్మ వెనక నక్కింది.

తెరిపిచ్చాక అయ్య వెనక్కెళ్ళాడు. "ఓసి నూకాలూ, నా గంప చెట్టెక్కిందే" అని కేకేశాడు.

నూకాలు ఒక్క దూకు దూకింది. రాయి ఎటో దొర్లిపోయింది. కొమ్ము అయ్యకంటే ఎత్తు పెరిగి, గంపని నెత్తిన పెట్టుకుని ఊగుతోంది. నూకాలు దాన్ని కావిలించుకుంది. మీరు మాత్రం ముట్టుకోకండి, కొమ్ము మీది నూగు ఒకటే దురద.

"గంప తీసుకో అయ్యా, దీన్ని కొట్టకు. మూడూ ఈ అంచునే, లేతవాటి మొదట్లోనే పుట్టాయి. ఆ లేతవి కొట్టేస్తే ఇంక పిల్లలెక్కడివి?"

"మరి సంతకి దేంతో అల్లనే?"

"నడుమవి ఉన్నాయిగా."

"ముళ్ళే తల్లీ. ఒళ్ళంతా గీరుకుపోదూ?"

"నేను నూనె రాస్తాలే."

అప్పన్న నవ్వాడు. కత్తి పట్టుకుని ముళ్ళ మధ్యకి దూరాడు. ముదురువి కొట్టి, నానబెట్టి, చీల్చి అల్లాడు. పొదకి వెలుతురొచ్చింది.

మళ్ళీ వానలకి ఆ కొమ్ము మొదట్లో రెండు లేచాయి. వాటి మొదట్లో ఇంకొన్ని. ఆ తర్వాత పొద జరిగి జరిగి వాగుదాకా పాకింది. ఊరు మారే మాట అయ్య మళ్ళీ ఎత్తలేదు.

మీరూ మీ పిల్లలకి ఈ కథ చెప్పండి. మధ్యలో మరిచిపోతే ఫోన్ చేసి అడగండి, తప్పు మాత్రం చెప్పకండి.

కథేమో కంచికి చేరింది,
నిద్రేమో కంటికి చేరింది.