చిలకమ్మ వీపు మీది పుండు

బుద్ధివలస మొత్తానికి తమ ఇంట్లో ఉన్నంత తెలివి ఇంకెక్కడా లేదని అచ్చియ్యమ్మ చెప్పేది. మొగుడు గవరయ్య, మరిది సన్నాసి అవునని తలలూపేవాళ్ళు. ముగ్గురూ ఒకే మాట మీదున్నారు కాబట్టి మనం కూడా నమ్మాలి.

ఆ ముగ్గురికీ మూగజీవాలంటే ప్రాణం. దోమను కొట్టినవాడి మీద అరిచేవాళ్ళు, కోడిని కోసినవాడి మీద అరిచేవాళ్ళు, చీమల దారిలో నడిచినవాడి మీదా అరిచేవాళ్ళు. ఊళ్ళో ఒక్కడూ వినేవాడు కాదు. అన్నిటికన్నా అచ్చియ్యమ్మకి బాధ ఇటుకల బట్టీ నడిపే కూర్మయ్య గాడిద చిలకమ్మ గురించి. ఇటుకలు మోసి మోసి దాని వీపు పుండైపోయింది. అది చూసిన పూట అచ్చియ్యమ్మకి ముద్ద దిగేది కాదు.

పశువుల డాక్టరు లింగమూర్తి ఒకరోజు ఆమెను కూర్చోబెట్టి, అందరి మీదా అరిస్తే లాభం లేదని, ఒక్క జీవాన్ని ఎంచుకుని దాని కష్టాన్ని జనానికి చూపించమని చెప్పాడు.

అంతే. ముగ్గురూ చిలకమ్మ దగ్గరికి పరిగెత్తారు. కూర్మయ్య అప్పుడే బరువు దించి అన్నానికి పోయాడు. బరువు లేకపోతే జనానికి చూపించడానికి కష్టమేముంటుందని ఇటుకలన్నీ మళ్ళీ ఎక్కించారు. మిట్టమధ్యాహ్నం ఎండలో వీధి వీధీ తిప్పారు. పుండు రెట్టింపయింది. అచ్చియ్యమ్మ గాడిద మెడ పట్టుకుని ఏడ్చేసింది.

డాక్టరు పుండు కడిగి, మందు రాసి, విసుగ్గా అన్నాడు. "అచ్చియ్యమ్మా, ఇది మానేదాకా దీని వీపు మీద ఒక్క ఇటుక కూడా పెట్టకూడదు. అది చూసుకోండి చాలు."

ఇంకేముంది. ముగ్గురూ సుత్తులు పట్టుకుని బట్టీ దగ్గరికి పోయారు. కాలిన ఇటుకలన్నిటినీ ముక్కలు చేశారు. ముక్క ఇటుక కాదు గదా, ఇక ఎన్ని ఎక్కించినా తప్పులేదని సన్నాసి గంపతో సిద్ధంగా నిలబడ్డాడు.

కూర్మయ్య వచ్చి చూసి, నెత్తి కొట్టుకుని, ఊరంతా వినిపించేలా తిట్టాడు. గవరయ్యకి ఆ తిట్లు సంగీతంలా వినిపించాయి. ఇన్నాళ్ళూ తామే అరిచేవాళ్ళు, ఇప్పుడు అవతలివాడు అరుస్తున్నాడంటే పని ముందుకు సాగుతున్నట్టేనని పెళ్ళాం చెవిలో చెప్పాడు.

ముక్కలు ఎవరూ కొనరు. కొత్త బట్టీ కాలి చల్లారేదాకా మోయడానికేమీ లేదు. చిలకమ్మ ఇరవై రోజులు నీడలో పడుకుని గడ్డి నమిలింది. పుండు మానిపోయింది. అచ్చియ్యమ్మకి కడుపు నిండిపోయింది.

డాక్టరు ఆశ్చర్యపోయాడు. హడావుడిగా ఎక్కడికో పోతూ, ఏం చేశారో అడక్కుండానే, పనికొచ్చిన పద్ధతిని వదలొద్దనీ, మిగతా గాడిదలకీ అదే చెయ్యమనీ చెప్పి బండెక్కాడు.

ఊళ్ళో మిగతా గాడిదలు నాలుగూ ఊరి చివర ఇటుకలు మోస్తూ దొరికాయి. అక్కడో కొత్త కొట్టానికి గోడలు లేస్తున్నాయి. మేస్త్రీలు అన్నాలకి పోయారు. అంతే, సుత్తులు లేచాయి. మిగిలిన ఇటుకల కుప్ప అయిపోయాక గోడల పని కూడా పట్టారు.

సాయంత్రం డాక్టరు వచ్చి ఆ ముక్కల మీదే కూలబడ్డాడు.

"ఇది జబ్బుపడ్డ గాడిదల కోసం నేను కట్టిస్తున్న ఆసుపత్రి, అచ్చియ్యమ్మా. ఇప్పుడు ఇటుకలన్నీ మళ్ళీ ఆ నాలుగు గాడిదలే మోసుకురావాలి."

అచ్చియ్యమ్మ ఆ నాలుగిటి వీపులూ చూసింది. కళ్ళు తుడుచుకుంది. బాగా ఆలోచించింది. మెల్లగా మొహం విప్పారింది.

"బెంగెట్టుకోకండి బాబూ," అంది. "ఎన్నిసార్లు కట్టినా మేం ఉన్నాం గదా."

గవరయ్య సుత్తికి కర్ర వదులైందేమోనని చూసుకున్నాడు.