వంటింట్లో ఆరో కెమెరా

పాలకొల్లులో స్టీలు సామాన్ల కొట్టు నడిపే ఆదిశేషుకు, తన దగ్గరున్న వస్తువును నలుగురికీ చూపించి ‘అబ్బో’ అనిపించుకోకపోతే అన్నం సహించేది కాదు. కొత్త చెప్పులు కొంటే పని లేకపోయినా బజారంతా ఓ చుట్టు తిరిగొచ్చేవాడు. కొత్త మిక్సీ వస్తే ఇరుగుపొరుగును పిలిచి వాళ్లెదుటే పచ్చడి చేయించేవాడు. అలాగని చెడ్డవాడు కాదు. ఎవరికి కష్టం వచ్చినా అందరికంటే ముందు వెళ్లి నిలబడేవాడు. నిలబడిన సంగతి మర్నాడు కొట్టుకొచ్చిన వాళ్లందరికీ చెప్పేవాడు, అంతే.

అతని భార్య సుభాషిణి నెమ్మదైన మనిషి. వాళ్లకు పిల్లలు లేరు. పక్కింట్లో హైమవతి, ఆమె భర్త, కూతురు లాస్య ఉండేవారు. భర్త రైసుమిల్లులో గుమాస్తా. హైమవతి ఇంట్లో జాకెట్లు కుట్టేది. లాస్య తొమ్మిదో తరగతి చదివేది. ఆ పిల్లకు రెండిళ్లూ తనవే. బడి నుంచి రాగానే సంచీ తమ ఇంట్లో పడేసి, “అత్తయ్యా, ఏం చేశావు?” అంటూ సుభాషిణి వంటగట్టు ఎక్కి కూర్చునేది.

మధ్యాహ్నం పూట కుట్టు పని తెమిలాక హైమవతి కూడా ఆ వంటింట్లోకే వచ్చేది. ఇద్దరూ కంది పప్పు ఏరుకుంటూనో, కొబ్బరి తురుముకుంటూనో కష్టసుఖాలు చెప్పుకునేవారు. సుభాషిణి విన్న మాటను కడుపులోనే దాచుకునేది. భర్తకు కూడా చెప్పేది కాదు. ఆయనకు చెబితే బజారుకు చెప్పినట్టేనని ఆమెకు బాగా తెలుసు.

ఒకసారి ఆదిశేషు భీమవరంలో ఒక స్నేహితుడి ఇంటికి భోజనానికి వెళ్లాడు. ఆ స్నేహితుడు కుర్చీలోంచి కదలకుండా “లైటు వెయ్యి” అన్నాడు. లైటు వెలిగింది. “ఫ్యాను తిప్పు” అన్నాడు. ఫ్యాను తిరిగింది. ఆదిశేషు నోరు వెళ్లబెట్టాడు. పెట్టిన పులస పులుసు రుచి కూడా అతనికి తెలియలేదు. తిరుగు ప్రయాణంలో బస్సులో కూర్చుని తన ఇంటిని తలుచుకుంటే సిగ్గేసింది.

వారం తిరక్కుండానే విజయవాడ నుంచి కంపెనీ మనిషిని పిలిపించాడు. మొదట అనుకున్నది చాలా చిన్న పని. గేటుకు ఒక కెమెరా, హాల్లో మాట వినే లైట్లు.

కంపెనీ మనిషి ఇల్లంతా తిరిగి చూసి, “హాలొక్కటీ చేయిస్తే ఏం బాగుంటుందండీ? పడగ్గదిలోకి అడుగు పెట్టగానే మళ్లీ పాతిల్లే కదండీ” అన్నాడు.

‘పాతిల్లు’ అన్న మాట ఆదిశేషుకు గుచ్చుకుంది. సరే కానివ్వమన్నాడు. లైట్లకు పాత వైర్లు పనికిరావన్నారు. గోడలు కోశారు. గోడలు కోశాక రంగులు వేయక తప్పలేదు. పాత స్విచ్చులన్నీ పీకేసి, వేలు తాకిస్తే పనిచేసే అద్దం పలకలు బిగించారు. కర్టెన్లకు మోటార్లు వచ్చాయి. తలుపుకు వేలిముద్రల తాళం వచ్చింది. హాల్లో తలుపంత టీవీ వచ్చింది. దాని వైర్లు బయటికి కనబడితే అసహ్యంగా ఉంటుందని, ప్లగ్గుతో సహా చెక్క పలక వెనక దాచేశారు. కొట్టు మీద గోడౌను వేయడానికి దాచిన డబ్బంతా అయిపోయింది. అదీ చాలక ఆదిశేషు సుభాషిణి పేరున ఉన్న డిపాజిట్టు మీద కన్నేశాడు.

“అది నా పేరున ఉన్నది కదండీ” అంది సుభాషిణి.

“ఇల్లు మాత్రం నీది కాదా?” అన్నాడు ఆదిశేషు. మర్నాడే ఆమెను బ్యాంకుకు తీసుకెళ్లి సంతకం పెట్టించాడు.

కెమెరాలు మొత్తం ఐదు కావాలన్నారు. పెట్టె విప్పితే ఆరున్నాయి.

“ఆరూ కలిపి ఒక సెట్టండీ. ఒకటి వద్దన్నా ధర తగ్గదండీ” అన్నాడు కంపెనీ మనిషి.

ఆదిశేషు ఆ మాటకు ఎదురు చెప్పలేకపోయాడు. గిన్నెల సెట్టులో ఒక్కటి విడిగా ఇమ్మని అడిగిన ప్రతి మనిషికీ అతను రోజూ చెప్పే మాట అదే మరి. కాసేపు ఆలోచించి, “అయితే ఆరోది వంటింట్లో పెట్టండి” అన్నాడు.

సుభాషిణి కంగారుపడింది. “వంటింట్లో ఎందుకండీ? దొంగలొచ్చి పోపుల డబ్బా ఎత్తుకెళతారా?”

“డబ్బులిచ్చి కొన్నది మూలన పడేస్తామా ఏంటి? పాలు పొంగుతుంటే కొట్లోంచే చూసి నీకు ఫోను చేస్తాను.”

అలా వంటింట్లో ఫ్రిజ్జు పైన, గోడ మూల, జాకెట్టు బొత్తామంత కెమెరా వెలిసింది. నాలుగు రోజులు సుభాషిణి దాని వంక బెదురుగా చూసింది. తరవాత అలవాటైపోయింది. ఒకనాడు హైమవతి దాన్ని చూసి, “అది మన మాటలు కూడా వింటుందా వదినా?” అని అడిగింది. “వింటే విననీలే. మీ అన్నయ్యగారికి కొట్లో బేరాలు చూసుకోవడానికే తీరిక లేదు” అని నవ్వేసింది సుభాషిణి. ఆ నవ్వును తలుచుకుని ఆమె తరవాత ఎంత ఏడ్చిందో ఆమెకే తెలుసు.

పని పూర్తయ్యాక ఆదిశేషు ఇంట్లో సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నాడు. పేరుకు వ్రతం. అసలు సంగతి ఇల్లు చూపించడమని ఊళ్లో అందరికీ తెలుసు. బజారులో కొట్లవాళ్లందరూ కుటుంబాలతో వచ్చారు. ముందురోజు మధ్యాహ్నమంతా హైమవతి, సుభాషిణి కలిసి వంటింట్లో పూర్ణం ఉండలు చుట్టారు. వ్రతం రోజున హైమవతి నడుముకు కొంగు బిగించి సొంత ఇంటి పనిలా చేసింది. లాస్య కొత్త పరికిణీ కట్టుకుని అందరికీ తాంబూలాలు ఇస్తూ తిరిగింది.

భోజనాలయ్యాయి. అందరూ హాల్లో చేరారు. ఆదిశేషు పట్టుపంచె సర్దుకుని మధ్యలో నిలబడ్డాడు. లైట్లను వెలగమన్నాడు, ఆరమన్నాడు. కర్టెన్లను తెరుచుకోమన్నాడు, మూసుకోమన్నాడు. బల్ల మీద గుండ్రటి డబ్బా ఒకటి ఆడగొంతుతో “అలాగేనండీ” అంటూ చెప్పినవన్నీ చేసింది. జనం ‘అబ్బో’ అన్నారు. ఆదిశేషు గాలిలో తేలిపోయాడు.

బట్టల కొట్టు సాంబమూర్తి మాత్రం సోఫాలో వెనక్కి వాలి, “బాగానే ఉందయ్యా. కెమెరాలంటావా, మా కొట్లో ఎప్పట్నించో ఉన్నాయి” అన్నాడు.

ఆదిశేషుకు ఒళ్లు మండింది. “మీ కెమెరాల్లో బొమ్మే వస్తుంది సాంబమూర్తిగారూ. మా దాంట్లో మాట కూడా వస్తుంది. ఇవాళ మీరు తిన్న పూర్ణాలు నిన్న మా ఆవిడ ఎలా చేసిందో మీరే చూడండి” అన్నాడు. డబ్బా వైపు తిరిగి, “నిన్న మధ్యాహ్నం వంటిల్లు చూపించు” అని దర్జాగా ఆజ్ఞాపించాడు.

“అలాగేనండీ” అంది డబ్బా.

తలుపంత టీవీ నిండా వంటిల్లు కనబడింది. సుభాషిణి పూర్ణం ఉండ చుడుతూ చుడుతూ, అటూ ఇటూ చూసి కాస్త నోట్లో వేసుకుంది. హాలంతా గొల్లుమంది. లాస్య కూడా తాంబూలాల పళ్లెం పట్టుకుని పకపకా నవ్వింది. అప్పుడు టీవీలో హైమవతి మాట్లాడటం మొదలుపెట్టింది.

“ఇంక దాచలేను వదినా. దానికి ఊహ బాగా వచ్చేసింది. ఈ పరీక్షలవగానే నేనే చెప్పేస్తాను. ‘నువ్వు నా కడుపున పుట్టలేదమ్మా, నెలల పిల్లగా ఉన్నప్పుడు తెచ్చుకున్నాం’ అని రోజూ లోపల్లోపల అనుకుంటాను. లాస్య మొహం చూసేసరికి నోరు పెగలదు.”

ఆదిశేషు అదిరిపోయాడు. ఆ సంగతి అతనికీ అప్పుడే తెలిసింది. “ఆపు! ఆపు!” అని అరిచాడు. హాల్లో జనం గుసగుసల మధ్య అతని మాట డబ్బాకు అందలేదు. “క్షమించండి, మీరు చెప్పింది నాకు అర్థం కాలేదు” అంది. ఫోను కోసం తడుముకున్నాడు. పట్టుపంచెకు జేబేది? ఫోను పడగ్గదిలో ఉంది. గోడ మీది అద్దం పలకను తెలిసీ తెలియక నొక్కాడు. లైట్లు ఆరి వెలిగాయి. కర్టెన్లు మూసుకున్నాయి. టీవీ ఆగలేదు. సాంబమూర్తి లేచి ప్లగ్గు కోసం వెతికాడు. ప్లగ్గు చెక్క పలక వెనకుంది.

ఈలోగా టీవీలో సుభాషిణి అంటోంది: “కంగారుపడకు. ఎవరూ లేనప్పుడు, ఒళ్లో పడుకోబెట్టుకుని చెప్పు. నీ నోటి వెంట వింటే అది తట్టుకుంటుంది.”

తన గొంతు తనకే వినబడి, హైమవతి వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది. అప్పటికి అంతా అయిపోయింది. లాస్య చేతిలోని పళ్లెం నెమ్మదిగా బల్ల మీద పెట్టింది. తల్లి వైపు చూడలేదు. సుభాషిణి వైపు చూసింది.

“అత్తయ్యా, నీకు కూడా తెలుసా?” అని అడిగింది.

సుభాషిణి చెయ్యి చాచి దగ్గరికి రాబోయింది. లాస్య గుమ్మం దాటి వెళ్లిపోయింది. వెనకాలే హైమవతి వెళ్లింది. అతిథులు ఒక్కొక్కరే ఆదిశేషు మొహం చూడకుండా చెప్పులు వేసుకున్నారు.

మర్నాడు పొద్దున్నే ఆదిశేషు పక్కింటికి వెళ్లాడు. ఎవరి ఎదుటా తల దించుకోని మనిషి ఆ రోజు గుమ్మంలోనే తల దించుకుని నిలబడ్డాడు.

“చెల్లెమ్మా, నాకు తెలీదమ్మా. తెలిస్తే అలా చేస్తానా?” అన్నాడు.

హైమవతి కోప్పడలేదు. కోప్పడితే బాగుండునని అతనికి అనిపించింది.

“మీకు తెలీదని నాకు తెలుసు అన్నయ్యగారూ. టీవీలో వినబడిన దాంట్లో అబద్ధమేమీ లేదు కూడా. కానీ అది నేను చెప్పుకోవలసిన మాట. ఎలా చెప్పాలా అని ఇన్నేళ్లూ వెతుక్కున్నాను. అది వినాల్సింది నా ఒళ్లో. విన్నది ఊరందరి మధ్య” అంది.

“పిల్ల ఎలా ఉందమ్మా?”

“రాత్రంతా నన్ను పట్టుకునే ఏడ్చింది. పొద్దున లేచి అమ్మా అనే పిలిచింది. కానీ పిలిచే ముందు ఒక్క క్షణం ఆగుతోంది అన్నయ్యగారూ. ఆ ఆగడం ఇదివరకు లేదు.”

ఆదిశేషు ఇంటికొచ్చి స్టూలు వేసుకుని, ఆరో కెమెరాను తన చేత్తోనే పీకేశాడు. తరవాత కంపెనీ మనిషిని పిలిచి ఇంట్లో ఉన్న మిగతా కెమెరాలు కూడా తీయించాడు. మాట వినే డబ్బాను అటక మీద పడేశాడు. ఏం లాభం? ఇంటికొచ్చినవాళ్లు కూర్చునే ముందు గోడల మూలలకేసి చూసేవారు. తీయించేశానని అతను ఒట్టు పెట్టి చెప్పినా, తలూపి, ఎండల గురించీ వానల గురించీ నాలుగు ముక్కలు మాట్లాడి లేచిపోయేవారు. వంటింట్లోకి ఆడవాళ్లెవరూ రావడం మానేశారు. సుభాషిణి ఒంటరిగా కూరలు తరుక్కునేది. ఆ పిల్ల అడిగిన మాటకు ఏం జవాబు చెప్పాల్సిందా అని ఆలోచిస్తూ ఉండేది. భర్తతో అవసరానికి మించి మాట్లాడేది కాదు. అతన్ని తిట్టలేదు. ఆ రోజు తను నవ్వేసి ఊరుకోకుండా ఉంటే ఇంత జరిగేది కాదన్న బాధ ఆమెనూ తినేస్తూ ఉండేది.

బడిలో పిల్లలు లాస్యను ఏవేవో అడగడం మొదలుపెట్టారు. కొందరు జాలిపడ్డారు. జాలే ఆ పిల్లను ఎక్కువ బాధపెట్టింది. “ఈ ఊళ్లో వద్దమ్మా” అంది ఒకరోజు. ఆమె తండ్రి తాడేపల్లిగూడెంలో ఇంకో మిల్లులో పని చూసుకున్నాడు. పరీక్షలైన మర్నాడే సామాను వ్యానుకెక్కించారు.

బయలుదేరే ముందు హైమవతి గేటు దగ్గరికి వచ్చింది. సుభాషిణి పరుగున ఎదురెళ్లింది.

“లోపలికి రా హైమా, కాస్త కాఫీ తాగి వెళుదువు గాని.”

“వద్దులే వదినా. ఇక్కడే చెప్పి వెళతాను” అంది హైమవతి.

ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకుని నిలబడ్డారు. వరండాలో ఉన్న ఆదిశేషును చూసి హైమవతి నోటి దాకా వచ్చిన మాటను ఆపేసింది. అది గమనించి అతను లోపలికి వెళ్లిపోయాడు. అయినా ఆమె ఏమీ చెప్పలేదు. ఆ ఇంటి గేటు దగ్గర నిలబడి మనసులో మాట చెప్పడం ఇక ఆమె వల్ల కాలేదు. వ్యాను ముందు సీట్లో లాస్య తండ్రి పక్కన కూర్చుని ఉంది. సుభాషిణి చెయ్యి ఊపితే తనూ చెయ్యి ఊపింది కానీ దిగి రాలేదు. వ్యాను కదిలింది.

ఆదిశేషు హాల్లో నిలబడి అదంతా కిటికీలోంచి చూశాడు. పిల్లలు లేని తమ ఇంట్లో ఇన్నేళ్లూ సందడి చేసిన పిల్ల, తన వల్ల, తనకు చెప్పకుండానే వెళ్లిపోయింది. గోడౌను డబ్బు మళ్లీ కూడబెట్టుకోవచ్చు. డిపాజిట్టు మళ్లీ వేసుకోవచ్చు. ‘అత్తయ్యా, ఏం చేశావు?’ అన్న పిలుపును ఏ కొట్టులో కొనుక్కురావాలో అతనికి తెలియలేదు. అతను అక్కడే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మన గొప్ప చూపించుకోవడానికి మన డబ్బు ఎంతైనా ఖర్చు పెట్టుకోవచ్చు కానీ, మన ఇంటిని నమ్మి ఇంకొకరు చెప్పుకున్న గుట్టును ఖర్చు పెట్టకూడదు. అది ఒకసారి పోతే ఏమిచ్చినా తిరిగి రాదు.