చేతికి తెలిసిన మీటలు

"పాత మీటలన్నీ పీకేద్దాం సార్. వాటికోసం రాసిన కోడ్ చిక్కుపడ్డ జడలాగుంది. నా వల్ల కాదు," అంది నాగవేణి.

జిలానీ సార్‌కి చూపు లేదు. కీబోర్డు మీటలు నొక్కితే తెలుగును పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఒకటి రాసి, తనలాంటి వాళ్లందరికీ ఉచితంగా ఇచ్చేశారు. కోడ్ కూడా దాచుకోలేదు. ఎవరైనా బాగుచేయవచ్చన్నారు. అలా బాగుచేయడానికి కర్నూలు వచ్చి శిష్యురాలైంది ఈ అమ్మాయి. పనిమంతురాలే గానీ తొందర జాస్తి.

"నువ్వు పెట్టిన కొత్త మీటల పద్ధతి మంచిదేనా?" అడిగారు సార్.

"ఎంతో మంచిది. పాతదాంట్లో నాలుగు మీటలు నొక్కేచోట ఇందులో ఒక్కటి చాలు."

"వచ్చే వారం చూపులేని పిల్లలకు డిగ్రీ పరీక్షలమ్మా. పాతదాంతోనే చదువుకుంటున్నారు."

"ఓ పూట కూర్చుంటే వచ్చేస్తుంది సార్. మీరు మరీ భయపడతారు!"

సార్ కోప్పడలేదు. "సరే, టీ పెట్టుకురా. తాగి, పాత మీటలు తీసేస్తున్నామని అందరికీ ఓ కబురు రాసి కొత్తది వదిలెయ్," అన్నారు.

నాగవేణి టీ పెట్టుకొచ్చి, 'అందరికీ నమస్కారం' అని కొట్టింది. తెర మీద ఏదో పిచ్చిరాత పడింది. కంప్యూటర్ దాన్ని గొంతెత్తి చదివింది కూడా. మళ్లీ కొట్టింది, అదే గోల.

"ఏంది సార్ ఇది! ఎవరు ముట్టుకున్నారు దీన్ని?"

"నేనే. నువ్వు టీ పెట్టేలోపు కీబోర్డులో అక్షరాల వరుస మార్చినా. ఇట్లయితే వేళ్లకు శ్రమ తక్కువంట."

"తక్కువైతే కానీండి! నా చేతికి అలవాటు లేదు కదా! చెప్పకుండా మారిస్తే నేనెట్లా..."

పరీక్షలు రాసే పిల్లలు గుర్తొచ్చి, కీబోర్డు మీంచి చేతులు తీసేసింది. సార్ చెయ్యి చాచి వరుసను మళ్లీ మామూలుగా మార్చేశారు.

ఆ కబురు ఆ పూట పోలేదు. నాగవేణి పాత మీటలను పీకకుండా కొత్తవాటి పక్కనే ఉంచింది. పాతది నొక్కితే పని చేసిపెట్టి, 'దీనికి సులువైన మీట ఇంకోటుంది' అని మెల్లగా చెప్పేలా రాసింది. సాయంత్రానికి అయింది.

సార్ కొత్త మీట నొక్కి చూశారు. "అబ్బ, ఎంత హాయిగా ఉంది! నువ్వు రాకుంటే ఇది నాతోనే పోయేది తల్లీ. నీకు రుణపడిపోయినా."

నాగవేణికి కళ్లు చెమర్చాయి. "మీరు ఊరికే ఇవ్వకుంటే నేనేం బాగుచేసేదాన్ని సార్?" అంది. మళ్లీ తనే అడిగింది. "మరి పాతవి ఎప్పుడు తీసేద్దాం?"

సార్ తన పది వేళ్లూ ఆమె ముందు చాపారు.

"నన్నడిగితే ఇప్పుడే తీసెయ్యమంటా. వీటినడుగు."