బొంతయ్య తెరవని బొమ్మ రైళ్ళు

అనగనగా, మనిషి అడుగు పడని ఒక అడవి. ఆ అడవిలో రైళ్ళుండేవి. నవ్వకండర్రా, నిజంగానే ఉండేవి! కాకపోతే ఒక్కో రైలూ జానెడు పొడవు. పట్టాల మధ్య రెండు వేళ్ళ ఎడం. వాటికి బొగ్గూ అక్కర్లేదు, నీళ్ళూ అక్కర్లేదు. కీ ఇస్తే చాలు, కిర్రుకిర్రుమంటూ బయల్దేరేవి.

ఆ అడవిలో బొంతయ్య అని ఒక ఎలుగుబంటి ఉండేవాడు. ఒంటినిండా బొచ్చు, మనసునిండా బొమ్మ రైళ్ళు. పొద్దున లేచాడంటే గుహలో పట్టాలు పరిచేవాడు. తేనె కుండ చుట్టూ ఒక చుట్టు, మంచం కింద ఒక సొరంగం. రైలు మంచం కిందకి దూరితే, వీడు అటువైపు బోర్లా పడుకుని ఎదురుచూసేవాడు. వచ్చేసిందోచ్ అని చప్పట్లు కొట్టేవాడు.

మరి ఎలుగుబంటి చేతులు కదా! కీ తిప్పితే కీ వంగిపోయేది. పట్టుకుంటే చక్రం ఊడిపోయేది. అప్పుడేం చేసేవాడూ? సూదెమ్మత్త దగ్గరికి పరిగెత్తేవాడు.

సూదెమ్మ ఒక ఏదుపంది. అడవిలో ఎవరి బండి పాడైనా ఆవిడే దిక్కు. తన ఒంటిమీద రాలిన ముల్లుతోనే మర విప్పేది. ముల్లు కొసతోనే నూనె చుక్క వేసేది. చక్రాలకి చుట్టుకున్న బొచ్చు పీకుతూ, "ఏరా బొంతయ్యా, రైలెక్కి ఊరెళ్ళావా ఏంటి? సగం నువ్వే ఉన్నావు ఇందులో!" అని ఆటపట్టించేది.

ఆవిడకో పద్ధతి ఉండేది. బాగుచేసిన బండిని చేత్తో తెచ్చి ఇచ్చేది కాదు. ఆవిడ పని గది బొరియలో బాగా లోపలికి ఉండేది. అక్కణ్ణుంచి ఒక పట్టా బయల్దేరి, బండరాయి చుట్టూ వంపు తిరిగి, గుమ్మం పక్కనున్న చిన్న కన్నంలోంచి బయటికొచ్చేది. బాగైన బండి ఆ దారంతా తనంతట తానే నడిచి, యజమాని చేతుల్లోకి రావాలి. మధ్యలో ఆగిందా, మళ్ళీ విప్పడమే.

బొంతయ్య కన్నం దగ్గర చెవి పెట్టుకుని కూర్చునేవాడు. బండి బయటికి రాగానే గంతులేసేవాడు. తర్వాత ఇద్దరూ తేనె నాక్కుంటూ చీకటి పడేదాకా కబుర్లు చెప్పుకునేవాళ్ళు. అంత బాగుండేది వాళ్ళ స్నేహం!

ఏటా ఎండలు ముదిరే ముందు ఒంటె సెట్టి వచ్చేవాడు. దూరదేశంలో కొత్తగా చేసిన రైళ్ళు మూపుమీద వేసుకొచ్చేవాడు. తేనె ఇచ్చి ఎవరికి నచ్చింది వాళ్ళు తీసుకునేవాళ్ళు. ఒక ఏడు బొంతయ్య కొత్త రైలు కొని, అట్టపెట్టె చించబోతుంటే, పక్కనే ఉన్న నెమలి దొర గుండెలు బాదుకున్నాడు.

"అయ్యయ్యో! తెరిచేస్తావా? బొత్తిగా మోటువాడివయ్యా! గీత పడ్డ రైలుకి గౌరవమేముంది? నా ఇంట్లో ఒక్క పెట్టె కూడా తెరవలేదు, తెలుసా?"

బొంతయ్యకి సిగ్గేసింది. ఆ పెట్టె తెరవలేదు. ఆ తర్వాతేడు పాత రైళ్ళన్నీ ఒంటె సెట్టికే ఇచ్చేసి కొత్తవి తీసుకున్నాడు. వాటినీ తెరవలేదు. అన్నిటికీ లక్కతో ముద్ర వేసి, అరమీద వరసగా పెట్టి, పట్టుగుడ్డతో దుమ్ము తుడుస్తూ కూర్చున్నాడు.

ఒంటె సెట్టి మంచివాడు. "బాబూ, అప్పుడప్పుడూ కీ ఇచ్చి నడుపుతూ ఉండండి. ఊరికే ఉంచితే లోపల నూనె జిగురైపోతుంది" అని చెప్పాడు కూడా. వింటేనా!

నడపని బండి విరగదు కదా. విరక్కపోతే సూదెమ్మత్తతో పనేముంది? బొంతయ్య అటువైపు వెళ్ళడం మానేశాడు. ఆవిడ గుమ్మం ముందు దారిలో గడ్డి మొలిచింది.

ఇలా ఉండగా వానాకాలం వచ్చింది. మామూలు వాన కాదు. ఉడుతలూ ఎలుకలూ పిల్లల్ని తీసుకుని ముందే గుట్టెక్కేశాయి. ఆ వానలో నెమలి దొర, బొంతయ్య తెచ్చుకున్న సరికొత్త రైలు పెట్టెని చూడ్డానికి వచ్చాడు. ముత్యం రంగు ఇంజను. ఆ రంగుది ఇంకోటి చెయ్యలేదట. ఇద్దరూ పెట్టె చుట్టూ తిరుగుతూ మురిసిపోతుంటే, బయట దబ్బుమని పెద్ద చప్పుడు.

పరిగెత్తి చూస్తే ఏముంది? సూదెమ్మత్త గుమ్మం కూలిపోయింది. మట్టి కుప్ప. పక్కనున్న చిన్న కన్నం మాత్రం మిగిలింది.

"అత్తా! సూదెమ్మత్తా!" అని బొంతయ్య కన్నంలోకి అరిచాడు.

లోపల్నుంచి గొంతు వచ్చింది. "ఎవరూ? బొంతయ్యే? బతికే ఉన్నావన్నమాట! దారి ఇప్పుడు గుర్తొచ్చిందిరా?"

బొంతయ్య మట్టి కుప్ప మీద గోళ్ళు ఆనించాడు. "తవ్వేస్తానత్తా, భయపడకు!"

"తవ్వావంటే కప్పు నా నెత్తిన పడుతుంది! విను. గుమ్మం మీద దూలం విరిగి అడ్డంగా పడింది. తోస్తే నా మీదకొస్తుంది. కన్నం వైపు, పక్కకి లాగాలి. అది నా వల్ల కాదు, నీ వల్లే అవుతుంది. నాకో తాడు కావాలి. వెనకనుంచి వాగు నీళ్ళు ఊరుతున్నాయి, నా కాళ్ళు మునిగాయి."

తాడు విసిరితే బండరాయి వంపు దగ్గర ఆగిపోయింది. కర్రతో తోసినా అక్కడే ఆగింది. ఆ వంపు తిరిగి లోపలికి వెళ్ళగలిగేది ఒక్క రైలే.

"నీ దగ్గరున్న బండి ఒకటి బయటికి పంపత్తా, తాడు కడతాను!"

"నా దగ్గర బండెక్కడిదిరా? తెచ్చేవాడు తేవడం మానేస్తే!"

ఇంకేం మాట్లాడతాడు! గుహకి పరిగెత్తి, చేతికందిన పెట్టె తెచ్చాడు. పసుపు రంగు ఇంజను. ముద్ర చించి, సన్నటి నారతాడు కట్టి, కీ తిప్పాడు. కదల్లేదు. ఇంకా తిప్పాడు. కదల్లేదు. పళ్ళు బిగించి తిప్పాడు. లోపల టప్‌మంది.

"స్ప్రింగు తెగింది కదూ?" అంది సూదెమ్మ. "లోపల నూనె గట్టిపడిందిరా. దాని మీద బలం చూపిస్తే విరక్క ఏమవుతుంది? నెమ్మదిగా..."

నెమ్మదిగా అన్న మాట వినేలోపే బొంతయ్య మళ్ళీ పరిగెత్తాడు. ఈసారి నీలం రంగు ఇంజను. నూనె గట్టిపడితే కొత్త నూనె పొయ్యాలి కదా అనుకుని పోశాడు. ఇంజను కదిలింది! కన్నంలోకి దూరింది! దూరి, అక్కడే చక్రాలు గిర్రున తిరుగుతూ, ముందుకెళ్ళకుండా వెనక్కి జారింది.

"ఏం పోశావురా?"

"ఆముదం అత్తా."

"ఎంత?"

"బుడ్డెడు."

"అది ఇంజనురా నాయనా, పసిపిల్ల కాదు, ఆముదం పట్టించడానికి!" ఆ నీళ్ళలో నిలబడి కూడా ఆవిడకి నవ్వొచ్చింది. మళ్ళీ గొంతు మారింది. "నీళ్ళు పొట్టదాకా వచ్చాయిరా బొంతయ్యా."

ఇక మిగిలినవి చూస్తే ఒకదానికి కీ లేదు, ఒకదానికి చక్రాలే తుప్పు పట్టి బిగుసుకున్నాయి. ఆఖరికి మిగిలింది ముత్యం రంగుదే. బొంతయ్య దాన్ని తెచ్చి గుండెకి హత్తుకుని నిలబడ్డాడు.

నెమలి దొర అడ్డొచ్చాడు. "ఒరే, అది మాత్రం వద్దురా! అలాంటిది ఇక పుట్టదు!"

లోపల సూదెమ్మ విన్నది. ఆవిడ అబద్ధం చెప్పే మనిషి కాదు. "నెమలి దొర చెప్పేది నిజమేరా. వంపు దగ్గర రాయి అంచు గీరేస్తుంది. పొగగొట్టం కూడా విరగొచ్చు. ఆ రంగు మళ్ళీ నేను తేలేను. ముందే చెబుతున్నా."

బొంతయ్య ఇంజను వైపు చూశాడు. కన్నం వైపు చూశాడు.

"దొరా, రైలు ఇక పుట్టదన్నావు. మా అత్త మాత్రం పుడుతుందా?" అని ముద్ర చించేశాడు. "అత్తా, ఇప్పుడు నువ్వు చెప్పు. నేను వింటాను."

"ముందు దాన్ని చంకలో పెట్టుకో. ఒంటి వేడికి లోపల జిగురు కరగాలి."

పెట్టుకున్నాడు. ఆగాడు. పట్టాల మీది ఆముదాన్ని, పెట్టెలు తుడిచే పట్టుగుడ్డతో చెయ్యందినంత వరకూ తుడిచాడు. గుమ్మం దగ్గర రాలిన ముల్లు ఒకటి ఏరుకుని, ఆవిడ చెప్పినచోట ఒకే ఒక్క చుక్క నూనె వేశాడు. అంత లావు చేతులు ఎంత నెమ్మదిగా కదిలాయో!

"చెవి దగ్గర పెట్టుకుని కీ తిప్పు. ఏం వినిపిస్తోంది?"

"గరగర అత్తా."

"ఆగు. వెనక్కి వదిలి మళ్ళీ తిప్పు."

"ఇప్పుడు... ఇప్పుడు టిక్కుటిక్కుమంటోంది!"

"అయితే పంపరా."

ఇంజను కన్నంలోకి దూరింది. వెనకాల నారతాడు పాములా కదులుతూ పోయింది. వంపు దగ్గర కర్రుమని చప్పుడు. ఏదో విరిగింది. తాడు ఆగింది. బొంతయ్య కన్నానికి చెవి ఆనించాడు. నెమలి దొర కళ్ళు మూసుకున్నాడు.

తాడు మళ్ళీ కదిలింది.

"అందిందిరా బొంతయ్యా! అందింది!"

ఆవిడ నారతాడు లాక్కుంది. దాని చివర బొంతయ్య కట్టిన లావు తాడూ వచ్చింది. దాన్ని దూలానికి బిగించి, పక్కకి జరిగి, "లాగు!" అంది. బొంతయ్య లాగాడు. కాళ్ళు బురదలో జారాయి. అప్పుడు నెమలి దొర, ఏ రోజూ దుమ్ము కూడా అంటనివ్వని ఆ పింఛాన్ని బురదలోనే ఈడుస్తూ వచ్చి, ముక్కుతో తాడు పట్టుకున్నాడు. ఇద్దరూ లాగారు. దూలం పక్కకి జరిగింది. మట్టి జారి, గుమ్మం సగం తెరుచుకుంది. ఆ సందులోంచి సూదెమ్మత్త తడిసిపోయి, దగ్గుకుంటూ బయటికొచ్చింది. చేతిలో ఆ ఇంజను. పొగగొట్టం లేదు. పక్కంతా గీతలే.

బొంతయ్య ఇంజను వైపు చూడనేలేదు. ఆవిణ్ణి గట్టిగా వాటేసుకున్నాడు.

"అబ్బా!"

"ముళ్ళురా వెర్రివాడా, ముళ్ళు!" అని ఆవిడ నవ్వింది. తర్వాత నెమ్మదిగా అంది. "నీకెంతో ఇష్టమైనది నా కోసం తెరిచావు. నీ మేలు మరిచిపోనురా."

"అలా అనకత్తా. ఇన్నేళ్ళు నా రైళ్ళన్నీ నడిచాయంటే నీ చేతుల వల్లే. విరిగినప్పుడల్లా వచ్చాను, విరగడం ఆగితే రావడమే ఆపేశాను. నిన్ను ఒకసారి కూడా తలుచుకోలేదు. అయినా నువ్వు, నీళ్ళలో మునుగుతూ కూడా, నాకే నేర్పావు."

వానలు పోయి, ఎండలు ముదిరే ముందు ఒంటె సెట్టి మళ్ళీ వచ్చాడు. బొంతయ్య కొత్త రైలు కొనుక్కున్నాడు. ఎందుకు కొనడూ, ఇష్టం ఎక్కడికి పోతుంది! కానీ అక్కడికక్కడే పెట్టె తెరిచి, సెట్టి కాళ్ళ మధ్యనుంచే నడిపాడు. నెమలి దొర కూడా తన పెట్టెల్లో ఒకటి తెచ్చి, "ఇదీ... కాస్త... తెరుద్దామా?" అన్నాడు.

ఓ రోజు పొద్దున్నే బొంతయ్య తేనె కుండ పట్టుకుని సూదెమ్మత్త గుమ్మం ముందు నిలబడ్డాడు. ఆవిడ ముల్లు చేతబట్టుకుని బయటికొచ్చింది.

"ఏం విరగ్గొట్టావురా?"

"ఏమీ విరగలేదత్తా."

"మరి ఎందుకొచ్చావు?"

"ఊరికే. నిన్ను చూసి పోదామని."

ఆవిడ ముల్లు పక్కన పెట్టేసి, వాడికి కూర్చోమని పీట వేసింది.

అందుకే పిల్లలూ, మనకి మేలు చేసినవాళ్ళ దగ్గరికి పనిపడ్డప్పుడే కాదు, ఏ పనీ లేనప్పుడు కూడా వెళ్ళి పలకరించాలి.