ఒక్క వాక్యపు పునీతుడు

కొండమీది మఠంలో ఒక ఆనవాయితీ ఉండేది. ఏ పునీతుడి పండుగ వస్తే, ఆ పేరు పెట్టుకున్న బ్రదరు మధ్యాహ్నం భోజనాల దగ్గర నిలబడి ఆయన జీవితం చదవాలి. చదవడం అయిపోగానే పెద్ద ఫాదరు గంట కొడతారు. కంచంలో ఏం మిగిలినా సరే, అందరూ లేవాల్సిందే.

బ్రదర్ ఫలేరియు బాధంతా అక్కడే వచ్చింది. మఠంలో చేరినప్పుడు అతనికిచ్చిన పేరు ఎవరూ ఎరగని పునీతుడిది. మఠంలోని పునీతుల చరిత్రల పుస్తకంలో ఆయన గురించి ఉన్నది ఒకే ఒక్క వాక్యం: ‘పునీత ఫలేరియు గుహలో ఇరవై ఏళ్లు ఒంటరిగా ప్రార్థించి కన్నుమూశాడు.’

మిగతా బ్రదర్ల పండుగకి ఇంటివాళ్లు బూరెల గంపతో వస్తారు. ఫలేరియు అనాథాశ్రమంలో పెరిగాడు. అతని కోసం ఆ కొండెక్కే మనిషి లేడు. నా అనుకోవడానికి దొరికిన ఒక్క పునీతుడూ ఇలాంటివాడయ్యాడే అని లోలోపల కుమిలిపోయేవాడు, పాపం.

తొలిసారి తన పండుగ వస్తోందనగా కూర్చుని నాలుగు పేజీలు సొంతంగా రాసేశాడు. నవ్వకండి, అతని చోట మీరున్నా అదే పని చేసేవారు. కుష్ఠురోగులు బాగయ్యారు. తోడేలొకటి వచ్చి పునీతుడి కాళ్ల దగ్గర పడుకుంది. ఆయన పోయిననాడు మూడు ఊళ్ల జనం గుహ ముందు గుమిగూడి ఏడ్చారు.

ముందురోజు ఆ కాగితాలు పెద్ద ఫాదరు ఇన్నాసి గారికి చూపించాడు. ఆయన చివరిదాకా ఓపిగ్గా చదివారు.

“ఈ జనం ఎక్కణ్ణించి వచ్చార్రా?”

“నేనే రప్పించాను ఫాదర్.”

“ఎందుకు?”

“అన్నేళ్లు ఒక్కడే ఉన్నాడు గదా. పోయేటప్పుడైనా పక్కన ఎవరూ లేకపోతే ఎట్లా?”

ఇన్నాసి ఫాదరు కోప్పడలేదు. కాగితాలు మడిచి అతని చేతికిచ్చారు.

“రేపు పుస్తకంలో ఉన్నదే చదువు.”

“నోట్లో ముద్ద పెట్టుకోకముందే లేవాల్సొస్తుంది. అందరూ నన్ను చూసి నవ్వుతారు ఫాదర్.”

“చదువు నాయనా.”

మర్నాడు ఫలేరియు నిలబడి ఆ ఒక్క వాక్యం చదివాడు. పుస్తకం మూశాడు. ఎవరో నవ్వు ఆపుకున్నారు. ఒకరిద్దరు అప్పుడే కంచం పక్కకు జరిపి లేవబోయారు. అతను సిగ్గుతో తల వంచుకున్నాడు.

గంట మోగలేదు.

ఇన్నాసి ఫాదరు చేతులు ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. మెల్లగా అందరూ సర్దుకుని కూర్చున్నారు. భోజనాల గదిలో చప్పుడన్నది లేదు. చాలాసేపు అలాగే గడిచింది. ఫలేరియు ఉండబట్టలేక ఆయన దగ్గరికెళ్లి వంగాడు.

“చదవడం అయిపోయింది ఫాదర్.”

ఆయన కళ్లు తెరవకుండానే పక్కన చోటు చూపించారు.

“ఇరవై ఏళ్లు ఒక్కడే ఉన్న మనిషిరా. చూడ్డానికొచ్చి అంతలోనే లేచిపోతామా?”