రాజుగారు నేర్చిన చీనా తిట్టు

పిల్లలూ, ఈ దూరదేశంలో మీకీ కథ చెప్పేవాళ్లు ఎవరూ లేరు. నేనే చెప్పాలి.

ఒకానొక రాజ్యంలో, సముద్రం ఒడ్డున, భీమభూపతి అనే రాజుండేవాడు. ఆయన రేవుకు చీనాదేశంలోని కాంటన్ నుంచి ఓడలొచ్చేవి. ఓడవాళ్ల మాటలు రాజుకు తెలుగులో చెప్పే దుబాసి పేరు పేరయ్య.

ఒకనాడు ఓడవాళ్లు ఒక సోమరిని "ఫాయ్‌ఛాయ్" అని తిట్టడం రాజు చెవిన పడింది.

"అంటే ఏమిటోయ్?"

"పనికిరాని వంటచెరకు, ప్రభూ. ఎందుకూ కొరగానివాణ్ణి వాళ్లు అలా అంటారు," అన్నాడు పేరయ్య.

రాజుకా మాట తెగ నచ్చింది. వారం తిరక్కుండా కోటలో సగంమంది ఫాయ్‌ఛాయ్‌లైపోయారు. చివరికి ఆజ్ఞే వెలువడింది: "ఫాయ్‌ఛాయ్ అన్నదంతా ఈ పూటే గోడ అవతల పారేయండి."

మొదట వెళ్లాల్సింది గవరమ్మ. నలభై ఏళ్లుగా వంటశాలలో పొయ్యి రాజేసే మనిషి. చూపు మందగించింది. నా అన్నవాళ్లు లేరు.

"నన్నేదో అన్నారట. ఏంటి బాబూ ఆ మాట?" అని అడిగింది, మూట కట్టుకుంటూ.

పేరయ్య ఆమె మూట అందుకుని ముడి వేశాడు. ఆ మాటకు అర్థం చెప్పి రాజు నోటికి అందించింది తానే.

"దూరం పోకమ్మా. గోడ పక్కనే కూర్చో," అని మాత్రం అని, తిన్నగా వంటశాలకు వెళ్లాడు.

ఆ మధ్యాహ్నం ఓడ నాయకుడికి విందు. ఆకులు వేశారు, నీళ్లు చల్లారు, వడ్డన మాత్రం లేదు. అతిథి ముందు తలెత్తుకోలేక రాజు వంటశాలలోకి వచ్చాడు. పొయ్యి నిండా బారెడు చింతదుంగలు. వంటవాడు వాటి మీద నెయ్యి పోస్తున్నాడు. పొగ తప్ప మంట లేదు.

"చితుకులేవిరా? కొబ్బరిపీచేది?"

"దుబాసిగారు పారేయించారు, ప్రభూ."

"పేరయ్యా, నీకు తలకాయ మీద ఆశ లేదూ?"

"ఉంది ప్రభూ, అందుకే ఆజ్ఞ మీరలేదు. పనికొచ్చే దుంగలు లోపల ఉంచాను. మిగతాదంతా ఫాయ్‌ఛాయ్ కదా, గోడ అవతలికి పంపాను. దాంతో పొయ్యి రాజేసే మనిషినీ తమరే పంపారు."

రాజు చాలాసేపు దగ్గాడు. తరవాత మెల్లగా అడిగాడు.

"అయితే నేను ఏ కట్టెనోయ్?"

"చింతదుంగ, ప్రభూ. అంటుకుంటే ఊరంతటికీ అన్నం ఉడుకుతుంది. అంటించడానికి మాత్రం పిడికెడు చితుకులు కావాలి."

రాజు కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. పొగకో, నవ్వుకో ఆ కన్నీళ్లు, ఎవరికీ తెలియలేదు. గవరమ్మను తానే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చాడు. ఆవిడ చితుకులు పేర్చి రెండుసార్లు ఊదింది. మంట లేచింది. ఆజ్ఞ రద్దయింది. రాజు తన శాలువా తీసి పేరయ్యకు కప్పాడు.

పిల్లలూ, ఈ కథ మీ తరవాతివాళ్లకూ చెప్పండి. చెప్పేటప్పుడు రాజును మరీ వెర్రివాణ్ణి చెయ్యకండి. తప్పు చూపిస్తే నవ్వగలిగాడు. అది చిన్న సంగతి కాదు.