ఊసరవెల్లి ఊగుడు నడక

ఒకప్పుడు ఊసరవెల్లి ఉడుతకన్నా జోరుగా పరుగెత్తేది. దాని రెండు కళ్లూ ఒకవైపే చూసేవి. ఎటు చూస్తే అటే పరుగు! ఆగి ఆలోచించాలంటే దానికి మహా బద్ధకం.

ఒక వానాకాలం దాని కడుపు నిండా గుడ్లు వచ్చాయి. గుడ్లు పెట్టాలంటే సీతాఫలం చెట్టు దిగి, మెత్తటి మట్టిలో గుంత తవ్వాలి. తీరా దిగబోతే, ఎదురుగా రాతిమీద జెముడుకాకి! ఎర్రటి కళ్లు మిటకరించి తిండికోసం వెతుకుతోంది.

ఊసరవెల్లి చటుక్కున ఆగి, పక్క కొమ్మ మీది ఉడుతను అడిగింది.

"ఇప్పుడెలా ఉడుత వదినా?"

"ఏమీ కాదులే వదినా! నేను రోజూ దిగడం లేదూ? కళ్లు మూసుకుని ఒక్క పరుగు తియ్యి," అంది ఉడుత.

ఊసరవెల్లి ఒక అడుగు ముందుకు వేసింది.

"అమ్మో, దిగకు తల్లీ!" ఆకు చాటు నుంచి నత్త అరిచింది. "బయటంతా ప్రమాదమే. నన్ను చూడు, గుల్ల వదిలి పూర్తిగా బయటికే రాను."

ఊసరవెల్లి అడుగు వెనక్కి తీసుకుంది.

ముందుకి. వెనక్కి. మళ్లీ ముందుకి. పాపం, దానికి తల తిరిగిపోయింది. ఇద్దరూ మంచికే చెప్పారు, ఇద్దరి మాటా నిజంలాగే ఉంది. 'పరుగెడితే ఆ పిట్ట నన్ను తినేస్తుంది. ఇక్కడే కూర్చుంటే గుడ్లు కడుపులోనే పాడైపోతాయి. అయ్యో, కదలకపోయినా ప్రమాదమేనా!' దానికి ఏడుపొచ్చింది.

ఆ కంగారులో ఒక కన్ను పిట్ట వైపు, ఇంకో కన్ను మట్టి వైపు తిరిగిపోయాయి. రెండూ ఒకేసారి కనిపించాయి! ఇదేం వింతరా దేవుడా అనుకుంటూ ఊసరవెల్లి ముందుకీ వెనక్కీ ఊగింది.

జెముడుకాకి ఇటే చూసింది. గాలికి ఆకు ఊగుతోంది కాబోలు అనుకుని తల తిప్పేసుకుంది.

అది చూశాక ఊసరవెల్లికి కాస్త ధైర్యం వచ్చింది. పిట్ట ఇటు చూస్తే ఊగుతూ ఆగింది, అటు చూస్తే అడుగు వేసింది. రాయికి దూరంగా, గడ్డి చాటున దిగింది. గుంత తవ్వి, గుడ్లు పెట్టి, మట్టి కప్పి, వచ్చినట్టే మెల్లగా చెట్టెక్కింది.

"భయం పోయిందా వదినా?" ఉడుత అడిగింది.

"ఎక్కడ పోయిందీ! నాకింకా అంతా అయోమయంగానే ఉంది," అంది ఊసరవెల్లి. "గుడ్లు మాత్రం మట్టిలో భద్రంగా ఉన్నాయి."

అప్పటినుంచే ఊసరవెల్లి అడుగడుక్కీ ముందుకీ వెనక్కీ ఊగుతుంది. ఒక కన్నుతో వెళ్లాల్సిన చోటు, ఇంకో కన్నుతో రాబోయే ముప్పు చూసుకుంటుంది. ఎంతసేపు ఊగినా, చివరికి అడుగు మాత్రం వేస్తుంది.